ట్యాబ్ లోగో దగ్గరే తిరుగుతోందా? ఫ్లాష్ కొట్టించే ముందు కేబుల్ మార్చండి

రెండేళ్లు బీరువాలో పడి ఉన్న ట్యాబ్‌ని బయటికి తీసి ఛార్జింగ్ పెడతారు. పది నిమిషాలాగి బటన్ నొక్కితే కంపెనీ పేరు వస్తుంది, ఆరిపోతుంది. మళ్లీ పేరు, మళ్లీ చీకటి. "సాఫ్ట్‌వేర్ పోయింది, ఫ్లాష్ కొట్టించాలి" అని ఇంట్లో ఎవరో ఒకరు తేల్చేస్తారు. షాపులోనూ చాలాసార్లు అదే మాట వినిపిస్తుంది, ఫ్లాష్ కొట్టడానికి, అంటే సాఫ్ట్‌వేర్ మొత్తం మళ్లీ ఎక్కించడానికి, మూత విప్పే పని ఉండదు కదా. ఫొటోలన్నీ పోతాయి, డబ్బులు పోతాయి, వారం తిరక్కుండా ట్యాబ్ మళ్లీ లోగో దగ్గరికే వస్తుంది.

ఆన్‌లైన్ క్లాసుల కోసం 2020, 2021లో కొన్నవి, 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చినవి ఇప్పుడు సరిగ్గా ఈ వయసులో ఉన్నాయి. ఇక్కడి లెక్కలకు శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ 8.0, 2019 మోడల్ (ఎస్‌ఎం-టీ295) తీసుకుందాం. 5100 ఎంఏహెచ్ బ్యాటరీ, మైక్రో యూఎస్‌బీ పిన్. వేరే ట్యాబ్ అయితే అంకెలు మారతాయి, చూసే వరుస మారదు.

ఛార్జర్ గుచ్చకముందే చూడాల్సింది

ట్యాబ్‌ని బల్ల మీద వెల్లకిలా పెట్టి వేలితో ఒక మూల నొక్కండి. ఊగుతోందా? స్క్రీన్ అంచు ఫ్రేమ్ నుంచి లేచిందా? డిస్‌ప్లే మధ్యలో తెల్లటి మచ్చ కనిపిస్తోందా? ఇందులో ఏది ఉన్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కి సర్దొద్దు, సూదితో గాలి తీద్దామని అసలే అనుకోవద్దు. బ్యాటరీ మార్చాల్సిందే. పాతదాన్ని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

లోగో వచ్చి ఆరిపోవడం

ట్యాబ్ ఆన్ అయ్యేటప్పుడు ప్రాసెసర్ పూర్తి వేగంతో పనిచేస్తుంది, స్క్రీన్ వెలుగుతుంది, స్టోరేజ్ చదవడం మొదలవుతుంది. అన్నీ ఒకేసారి. ఆ కొన్ని సెకన్లలో బ్యాటరీ మీద పడే భారం మామూలు వాడకం కంటే చాలా ఎక్కువ. వయసైపోయిన బ్యాటరీలో లోపలి నిరోధం పెరిగి ఉంటుంది కాబట్టి భారం పడగానే ఓల్టేజీ దిగిపోతుంది. పొలం మోటారు లో ఓల్టేజీకి మూలిగి ఆగిపోయినట్టే ఇదీనూ. ఓల్టేజీ ఒక హద్దు దాటి పడగానే ట్యాబ్ తనను తాను ఆపేసుకుంటుంది. భారం పోగానే ఓల్టేజీ మళ్లీ లేస్తుంది, ట్యాబ్ మళ్లీ ప్రయత్నిస్తుంది. బయటి నుంచి చూసేవాళ్లకు అది అచ్చం సాఫ్ట్‌వేర్ లూప్‌లాగే కనిపిస్తుంది.

"ఛార్జర్ పెట్టే ఉంచాం కదా" అంటారు. మోసం అక్కడే ఉంది. ఛార్జర్ మీద 2 ఆంప్ అని రాసి ఉన్నంత మాత్రాన ట్యాబ్‌కి 2 ఆంప్ చేరదు. మధ్యలో కేబుల్ ఉంది.

చాలా చవక కేబుళ్లలో కరెంటు మోసే తీగలు 28 గేజ్‌వి, అంటే బాగా సన్నవి. ఆ రాగి తీగ నిరోధం మీటరుకి సుమారు 0.21 ఓమ్. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి మీటరు పొడవు కేబుల్‌కి 0.43 ఓమ్. అందులో 1.5 ఆంప్ పారితే 0.64 ఓల్ట్ దారిలోనే పోతుంది. 5 ఓల్ట్‌లు బయలుదేరితే ట్యాబ్ దగ్గరికి చేరేది 4.36. ఛార్జింగ్ చిప్ అంత తక్కువ ఓల్టేజీ చూడగానే తీసుకునే కరెంటును తగ్గించేస్తుంది. పిన్ వదులై, లోపల దుమ్ము కూడా చేరితే 0.3 ఆంప్ దగ్గర నిలబడుతుంది. బ్యాటరీ బొమ్మ మాత్రం ఛార్జ్ అవుతున్నట్టే చూపిస్తుంది. 0.3 ఆంప్‌తో 5100 ఎంఏహెచ్ నిండాలంటే స్క్రీన్ ఆపి ఉంచినా 17 గంటలు పడుతుంది. అదే కేబుల్‌తో ఫోన్ బాగానే ఛార్జ్ అవుతుంది కాబట్టి దాని మీద ఎవరికీ అనుమానం రాదు. ఫోన్ బ్యాటరీలో ఇంకా సత్తువ ఉంటుంది. రాత్రంతా గుచ్చి వదిలేస్తే ఎంత నెమ్మదైనా తెల్లారేసరికి నిండుతుంది.

24 గేజ్ తీగ ఉన్న కేబుల్‌లో అదే దూరానికి, అదే 1.5 ఆంప్‌కి పోయేది పావు ఓల్ట్ మాత్రమే. తెలుసుకోవడం ఎలా అంటే, చాలా కేబుళ్ల తొడుగు మీద సన్నటి అక్షరాల్లో అచ్చువేసి ఉంటుంది. "28ఏడబ్ల్యూజీ/1పీ, 24ఏడబ్ల్యూజీ/2సీ" అని ఉంటే మొదటిది డేటా తీగల జత, రెండోది కరెంటు తీగలు. ఏడబ్ల్యూజీ ముందున్న అంకే గేజ్. రెండో అంకె ఎంత చిన్నదైతే తీగ అంత లావు. రెండు చోట్లా 28 ఉన్నా, అసలేమీ రాసి లేకపోయినా దాన్ని ట్యాబ్‌కి వాడకండి. రెండు మీటర్ల పొడవు కేబుళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

చేయాల్సింది ఇదీ వరుస:

1. ల్యాప్‌టాప్, టీవీ, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌ల యూఎస్‌బీ రంధ్రాలు వద్దు. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇవ్వాల్సింది 0.5 ఆంప్ మాత్రమే. ట్యాబ్‌తో వచ్చిన ఛార్జర్ ఉంటే అదే వాడండి. లేదంటే నమ్మకమైన 5 ఓల్ట్‌లు, 2 ఆంప్ ఛార్జర్, గోడ ప్లగ్గులోనే.

2. మీటరు లేదా అంతకంటే పొట్టి, లావు తీగ ఉన్న కేబుల్ పెట్టండి.

3. టార్చ్ వేసి ఛార్జింగ్ పోర్టులోకి చూడండి. నూలు పీచు గడ్డకట్టి ఉంటే చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా లాగండి. గుండుసూది పెట్టొద్దు, మైక్రో యూఎస్‌బీ మధ్యలో ఉండే పలుచటి నాలుక విరిగితే పోర్టు మార్చాల్సిందే.

4. కనీసం గంటన్నర పవర్ బటన్ ముట్టుకోకండి. జనం చేసే అసలు తప్పు ఇదే. ఐదు నిమిషాలకోసారి "వచ్చిందా" అని నొక్కుతారు. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీకి చిప్ మొదట అతి తక్కువ కరెంటే పంపుతుంది. అలా చేరిన కొంచెమూ ఒక్క బూట్ ప్రయత్నంలో ఖర్చైపోతుంది. మళ్లీ మొదటికి.

5. తర్వాత ఛార్జర్ తీయకుండానే పవర్, వాల్యూమ్ డౌన్ బటన్లు రెండూ కలిపి 10 నుంచి 15 సెకన్లు నొక్కి పట్టండి.

ఛార్జర్‌కీ కేబుల్‌కీ మధ్య గుచ్చితే ఓల్ట్‌లు, ఆంప్‌లు చూపించే యూఎస్‌బీ మీటర్ ఉంటే పని తేలిక. కాకపోతే చాలామంది దాన్ని ఛార్జర్ వైపు గుచ్చి "5.1 చూపిస్తోంది, అంతా బాగుంది" అనేస్తారు. అది ఛార్జర్ ఓల్టేజీ. కేబుల్ మింగేసేది అక్కడ కనపడదు. చూడాల్సింది ఆంప్ అంకె. మొదటి అరగంట 0.1, 0.2 ఉండొచ్చు, కంగారు పడొద్దు. ఆ తర్వాత స్క్రీన్ ఆపి ఉన్నప్పుడు 1.2 దాటితే కేబుల్, పోర్టు బాగున్నట్టు. 0.4 దగ్గరే నిలిచిపోతే కేబుల్ మార్చి చూడండి. అయినా పెరగకపోతే పోర్టు.

కరెంటా, సాఫ్ట్‌వేరా అని తేల్చే గుర్తు ఒకటుంది. ఆరిపోయే చోటు గమనించండి. ఒకసారి పేరు దగ్గర, ఒకసారి యానిమేషన్ సగంలో, ఇంకోసారి హోమ్ స్క్రీన్ వచ్చాక ఆరితే అది కరెంటు సమస్యే. నాలుగు గంటలు మంచి ఛార్జింగ్ ఇచ్చాక ఇంకాస్త ముందుకు వెళ్లి ఆరితే సందేహమే అక్కర్లేదు. ఎన్నిసార్లు చేసినా ఒకే చోట ఆగి, ఆరకుండా యానిమేషన్ తిరుగుతూనే ఉంటే అప్పుడు సాఫ్ట్‌వేర్‌నో స్టోరేజ్‌నో అనుమానించండి.

40 శాతం ఉండగానే ఆరిపోవడం

పైన చెప్పిన జబ్బే, కొంచెం తక్కువ మోతాదులో. వెలుగు తగ్గించి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడితే గంటలు నడుస్తుంది, వీడియో పెట్టగానే చస్తుంది. బ్యాటరీ అయిపోయింది, అంతే. కాలిబ్రేషన్ (బ్యాటరీ శాతాన్ని సరిచేయడం) పేరుతో వచ్చే యాప్‌లు చచ్చిన రసాయనానికి ప్రాణం పోయలేవు.

మూత విప్పగలిగినవాళ్లు బ్యాటరీ ఓల్టేజీని మల్టీమీటర్‌తో కొలుస్తారు, కానీ ట్యాబ్ ఆపి, భారం లేనప్పుడు కొలిచి ఊరుకుంటారు. 3.9 ఓల్ట్‌లు కనపడగానే బ్యాటరీని నిర్దోషిగా వదిలేయకండి. ఆన్ చేస్తూ కొలవండి. లోగో వచ్చే క్షణంలో 3.8 నుంచి 3.3 కిందికి జారితే దాని పని అయిపోయింది. మామూలుగానే 3 కిందికి ఉంటే బాగా ఖాళీ అయింది. సున్నా చూపిస్తే లోపలి రక్షణ సర్క్యూట్ తెగ్గొట్టి ఉండొచ్చు. అలాంటిదానికి వేరే ఛార్జర్ తీగలు నేరుగా తగిలించి లేపే పద్ధతి కొన్ని షాపుల్లో ఉంది. చేయనివ్వకండి. నెలల తరబడి మరీ ఖాళీగా పడి ఉన్న సెల్‌లో రాగి కరిగి లోపల షార్ట్ అయ్యే వీలుంది.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు ట్యాబ్ పేరు చెబితే చాలదు, పాతదాని మీద కోడ్ చూడాలి. టీ295కి అది ఎస్‌డబ్ల్యూడీ-డబ్ల్యూటీ-ఎన్8. అదే కొలతలో 7000 ఎంఏహెచ్ అని అమ్మితే అబద్ధమే. తయారీ తేదీ అడగండి, మూడేళ్లు డబ్బాలో మగ్గిన "కొత్త" బ్యాటరీ కూడా పాతదే. బిగించేటప్పుడు ముందు కనెక్టర్ ఊడదీసి, తర్వాతే బ్యాటరీని జిగురు నుంచి ప్లాస్టిక్ కార్డుతో లేపాలి. స్క్రూడ్రైవర్‌తో పెకిలిస్తే నిప్పు రావచ్చు. మూత తీశాక ఏమీ మార్చకముందు ఆ కనెక్టర్‌ని ఒకసారి ఊడదీసి మళ్లీ నొక్కి చూడండి. కింద పడిన ట్యాబ్‌లు కొన్ని దాంతోనే లేస్తాయి.

నిజంగా సాఫ్ట్‌వేరే అయితే

రికవరీలోకి, అంటే ఆండ్రాయిడ్ మొదలవకుండానే వచ్చే రిపేరు మెనూలోకి వెళ్లండి: ఆపి ఉన్న ట్యాబ్‌లో పవర్, వాల్యూమ్ అప్ కలిపి. ఆండ్రాయిడ్ 11కి అప్‌డేట్ అయిన శామ్‌సంగ్ ట్యాబ్ అయితే కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి ఉంచితేనే ఆ మెనూ వస్తుంది. ముందు "వైప్ క్యాష్ పార్టిషన్". ఇది తాత్కాలిక ఫైళ్లను మాత్రమే చెరిపేస్తుంది, దీనికి ఫొటోలు పోవు. ఫ్యాక్టరీ రీసెట్ చివరి మాట. దాని ముందు ఆ ట్యాబ్‌లో ఉన్న గూగుల్ అకౌంట్, పాస్‌వర్డ్ తెలుసో లేదో చూసుకోండి. ఆండ్రాయిడ్ 5.1 నుంచి, రికవరీలో రీసెట్ చేస్తే పాత అకౌంటే అడుగుతుంది. క్లాసుల కోసం పిల్లాడి పేరుతో తెరిచి మరిచిపోయిన అకౌంట్ అప్పుడు పెద్ద తాళమవుతుంది. స్కూలు ద్వారా వచ్చిన ట్యాబ్‌లలో నియంత్రణ సాఫ్ట్‌వేర్ ఉంటే రీసెట్‌తో అది పోతుందనే ఆశ పెట్టుకోకండి.

ఆన్ అయింది, నెట్ రావట్లేదు

తేదీ చూడండి. పూర్తిగా ఖాళీ అయిన ట్యాబ్‌లో గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. తేదీ తప్పితే సైట్ల సర్టిఫికెట్లు చెల్లవు. వైఫై గుర్తు వస్తుంది, ప్లే స్టోర్ తెరుచుకోదు. ముందు చేత్తో తేదీ సరిచేసి, నెట్ వచ్చాక ఆటోమేటిక్‌లో పెట్టండి. దీనికోసం రౌటర్ రీసెట్ చేసినవాళ్లూ ఉన్నారు.

నెమ్మదిగా ఉండటం

2 జీబీ ర్యామ్ ట్యాబ్ 2 జీబీ ర్యామ్ ట్యాబ్‌లాగే నడుస్తుంది. స్టోరేజ్‌లో ఐదో వంతు ఖాళీ ఉంచండి, దాదాపు నిండిన ఈఎంఎంసీలో (ఇలాంటి ట్యాబ్‌లలో ఉండే స్టోరేజ్ చిప్) రాయడం బాగా మందగిస్తుంది. వాడని యాప్‌లు తీసేయండి. ర్యామ్ బూస్టర్లు, క్లీనర్లు పెట్టొద్దు, అవే ర్యామ్ తింటాయి.

మిగతావి

పవర్ బటన్ లోపలికి ఇరుక్కుంటే దానంతటదే రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. గోటితో నాలుగుసార్లు గట్టిగా నొక్కి వదిలి చూడండి. శబ్దం వస్తూ తెర మాత్రం నల్లగా ఉంటే డిస్‌ప్లే లేదా దాన్ని బోర్డుకి కలిపే స్ట్రిప్ పోయినట్టు. రికవరీలో ఎర్ర అక్షరాలతో "ఫెయిల్డ్ టు మౌంట్" అని వరసగా వచ్చి, రీసెట్ తర్వాత కూడా పోకపోతే స్టోరేజ్ చిప్ పోయిందనుకోవచ్చు. బోర్డు మార్చే ఖర్చులో ఇంకో సెకండ్ హ్యాండ్ ట్యాబ్ వస్తుంది. అది కొన్నా మంచి కేబుల్ దానికీ కావాలి, పారేయకండి.