విశాఖ చెమ్మలో ఏడంగుళాల రికార్డు

బ్లూస్ రాక్ ప్రేమపాట, లిమిటెడ్ ఎడిషన్ సింగిల్, అట్ట మీద చేత్తో వేసిన నంబరు. ఇలాంటిది చేతికి రాగానే సీలు విప్పకుండా దాచేయాలనిపిస్తుంది. విశాఖలో ఆ పని చేయకండి. మే నెల వేడికి పైన చుట్టిన ప్లాస్టిక్ ముడుచుకుని రికార్డును వంచేస్తుంది. అట్ట తెరుచుకునే అంచు వెంట గోటితో చీల్చి మొత్తం తీసేయండి.

మధ్య రంధ్రం ఒకటిన్నర అంగుళం ఉంటే అందులో కూర్చునే బిళ్ల, అంటే అడాప్టర్ కావాలి. ప్లేయర్ వేగం 45కి (నిమిషానికి 45 చుట్లు) మార్చండి. అసలు చిక్కు అడాప్టర్ వదులుగా ఉన్నప్పుడు వస్తుంది. గిటారు తీగను లాగి పట్టిన చోట చెవి పెట్టండి. 45 వేగంలో ఒక చుట్టుకు 1.33 సెకన్లు. సరిగ్గా అంతసేపటికోసారి స్వరం పైకీ కిందికీ జారుతుంటే అది వాయించినవాడి గమకం కాదు, రికార్డు నడిమధ్యన కూర్చోలేదన్నమాట. వేలితో ఇచ్చే కంపనం సెకనుకే నాలుగైదు సార్లు ఉంటుంది. సూదిని మోసే చేయి, టోన్‌ఆర్మ్‌ను కూడా చూడండి: పక్కలకు ఊగితే కేంద్రం తప్పింది, పైకీ కిందికీ ఎగిరితే రికార్డు వంగింది. కేంద్రం తప్పితే అడాప్టర్ అంచుకు సెల్లో టేపు ఒక చుట్టు వేయండి, చాలా వరకు కుదురుతుంది. అప్పటికీ ఊగుతుంటే రంధ్రమే పక్కకు పడి ఉండొచ్చు. సూది రికార్డు మీద మోపే బరువు కార్ట్రిడ్జ్ (సూది బిగించిన భాగం) కాగితంలో చెప్పినంతే పెట్టాలి. తగ్గిస్తే రికార్డుకు మంచిదనుకోవడం పొరపాటు, సూది తాను నడిచే గీతలో, అంటే గాడిలో నిలవక దాని గోడల్ని కొడుతుంది.

ఇక బూజు. గాడుల మీద తెల్లటి సన్నని మచ్చలు, పాట వెనక చిటపటలు. 200 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 50 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సువాసన లేని డిష్ లిక్విడ్ ఒక్క చుక్క కలపండి. కుళాయి నీళ్లు వద్దు, ఆరాక ఉప్పు గాడిలో మిగులుతుంది. మైక్రోఫైబర్ గుడ్డ తడిపి గాడి వెంటే తిప్పండి, అడ్డంగా రుద్దకండి. ఏడంగుళాల దాంట్లో గాడులు లేబుల్‌కి బాగా దగ్గర, ఒక్క చుక్క జారినా రంగు దిగుతుంది. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి తుడిచి, గిన్నెల స్టాండులో నిలబెట్టి నీడన గంటసేపు ఆరనివ్వండి. ఈ ద్రవం వినైల్ ప్లాస్టిక్ రికార్డులకే. 78 వేగంతో తిరిగే పాత లక్క రికార్డుల మీద పోస్తే ఆల్కహాల్ లక్కను కరిగిస్తుంది.

బూజు పట్టిన కాగితం కవర్లో మళ్లీ పెడితే పడ్డ కష్టమంతా వృథా. లోపల పాలిథీన్ పొర ఉన్న కొత్త కవరు, అట్టకు పాలీప్రొపిలీన్ కవరు వాడండి. దాని మూతి అంటించకండి. మెత్తటి పీవీసీ కవర్లు రికార్డు మీద మసకపొర వదులుతాయి.

నిలువుగానే పెట్టండి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఇళ్లలో బీరువాకీ గోడకీ మధ్య నాలుగు వేళ్ల సందు వదలండి. సిలికా జెల్ 50 గ్రాముల పొట్లం ఒకటి, చిన్న తేమ మీటరు ఒకటి అరలో ఉంచండి. ముల్లు 45-55 శాతం మధ్య ఉంటే మంచిది, 65 దాటి నిలబడితే పొట్లం మార్చాలి. అక్టోబరు తుఫాన్ల వేళ ఇంకా తరచుగా చూడాలి. కలరా ఉండలు మాత్రం వేయకండి, ఆ ఆవిరి ప్లాస్టిక్‌కు పడదు. ఏసీ గదిలోంచి తెచ్చిన రికార్డును వెంటనే కవర్లోంచి తీయకండి, చల్లటి వినైల్ మీద చెమ్మ కడుతుంది. అరగంట ఆగి ప్లేయర్ మీద పెట్టండి.