చైనా వాళ్లకు ఆరోగ్య విషయాలతో ఇంగ్లీష్ చదివిస్తున్నారా? ఎక్కడ ఆగిపోతారు, ఎందుకు, ఏం చేయాలి

చైనీస్ మాతృభాషగా ఉన్న పెద్దవాళ్లకు ఇంగ్లీష్ చదవడం నేర్పడానికి ఆరోగ్యాన్ని మించిన సబ్జెక్ట్ లేదని నా గట్టి నమ్మకం. బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులు, నిద్ర పట్టకపోవడం ఎవరికీ కొత్త కాదు. పొద్దున చదివింది సాయంత్రం మందుల షాపులో పనికొస్తుంది. అమెరికా లైబ్రరీల్లో ఇంగ్లీష్ తరగతులకు వాలంటీర్లుగా వెళ్లే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. చైనాలో ఎంబీబీఎస్ చదువుతూ, అక్కడి స్నేహితుల దగ్గర చైనీస్ నేర్చుకుని వాళ్లకు ఇంగ్లీష్ నేర్పే మన పిల్లలూ ఉన్నారు. నేను కూడా ఒక లైబ్రరీలో ఇదే పని చేస్తున్నాను. అక్కడ మళ్లీ మళ్లీ ఎదురయ్యే ఇబ్బందులు, వాటికి పనిచేసిన చిట్కాలు ఇక్కడ రాస్తున్నాను.

“పదాలు బోలెడు వచ్చు, పేరా మాత్రం అందదు”

‘సిగ్నిఫికెంట్’, ‘కాన్సీక్వెన్స్’ లాంటి మాటలకు టకీమని అర్థం చెబుతారు. కానీ ‘షి త్రూ అప్ ట్వైస్ అండ్ పాస్డ్ అవుట్’ అన్న చిన్న వాక్యం దగ్గర ఆగిపోతారు.

కారణం చదువులోనే ఉంది. చైనాలో కాలేజీ ప్రవేశానికి రాసే గావ్‌కావ్ పరీక్షకూ, ఆ తర్వాత కాలేజీలో రాసే సీఈటీ (కాలేజీ ఇంగ్లీష్ టెస్ట్) పరీక్షలకూ పదాల జాబితాలు బట్టీ పట్టడం అక్కడ మామూలు. ఆ జాబితాలు చాలావరకు అక్షర క్రమంలో ఉంటాయి. మొదటి మాట ‘అబాండన్’ కావడం అక్కడి విద్యార్థులందరికీ తెలిసిన ముచ్చట. ఇలా నేర్చుకున్నవాళ్లకు ‘వామిట్’ వస్తుంది, ‘త్రో అప్’ రాదు. పైగా ‘త్రో’ తెలుసు, ‘అప్’ తెలుసు. తెలిసిన మాటలే కదా అని డిక్షనరీ తెరవరు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

పరిష్కారం: అక్షర క్రమం పక్కన పెట్టి, ఒక్కో జబ్బు చుట్టూ మాటలు పోగు చేయించండి. ఫ్లూ అనుకుంటే: ‘కమ్ డౌన్ విత్’ అంటే జబ్బు పట్టుకోవడం, ‘త్రో అప్’ అంటే వాంతి, ‘పాస్ అవుట్’ అంటే స్పృహ తప్పడం, ‘వేర్ ఆఫ్’ అంటే మందు ప్రభావం తగ్గిపోవడం, ‘గెట్ ఓవర్’ అంటే కోలుకోవడం. పరీక్షల్లో నేర్చుకున్న పెద్ద మాట పక్కనే ఈ వాడుక మాట రాయించండి. తర్వాత వాళ్లకు ఎప్పుడో వచ్చిన జ్వరం గురించి ఆ మాటలతోనే నాలుగు వాక్యాలు రాయమనండి. మనం కూడా ఒక జాగ్రత్త తీసుకోవాలి. కాలేజీ పూర్తి చేయడాన్ని మనం ‘పాస్డ్ అవుట్’ అంటాం. అలవాటులో అది క్లాసులో మన నోట వచ్చిందంటే వాళ్లు మరింత గందరగోళంలో పడతారు.

“జబ్బు పేరు చూడగానే చదవడం ఆపేస్తారు”

‘హెపటైటిస్’, ‘నెఫ్రైటిస్’, ‘ఆర్థ్రైటిస్’ రాగానే కళ్లు కాగితం మీద నుంచి ఫోన్ వైపు వెళ్లిపోతాయి. వాళ్లకు ఇంగ్లీష్ రాదని అప్పుడే తీర్మానించకండి. చైనీస్‌లో జబ్బుల పేర్లు విడదీస్తే అర్థమయ్యేలా ఉంటాయి. యెన్ అంటే వాపు, మంట. కాలేయానికి గాన్, కాబట్టి హెపటైటిస్ గాన్‌యెన్. మూత్రపిండానికి షెన్, కాబట్టి నెఫ్రైటిస్ షెన్‌యెన్. షుగర్ జబ్బు థాంగ్‌న్యావ్‌బింగ్, అంటే చక్కెర, మూత్రం, జబ్బు అన్న మూడు మాటలు. బడికి పెద్దగా వెళ్లని ముసలమ్మకైనా జబ్బు ఏ అవయవానికి వచ్చిందో పేరే చెప్పేస్తుంది. ఇంగ్లీష్ ఆ ముక్కలను గ్రీకు, లాటిన్ నుంచి తెచ్చుకుంది కాబట్టి పైకి ఏమీ కనిపించదు.

కాబట్టి వాళ్లకు బాగా అలవాటైన పద్ధతినే ఇక్కడా వాడుకోవాలి. చివర ‘ఐటిస్’ కనిపిస్తే యెన్ అనుకోమనండి. ‘ఎక్టమీ’ కనిపిస్తే కోసి తీసేయడం, ‘ఆల్జియా’ ఉంటే నొప్పి, ‘కార్డియో’ గుండె, ‘గ్యాస్ట్రో’ పొట్ట, ‘డెర్మా’ చర్మం. మొదట్లో పది ముక్కలు దాటవద్దు. అవి చేతికి వచ్చాక ‘గ్యాస్ట్రైటిస్’ చూపించి చూడండి. ఎవరూ చెప్పకుండానే వెయ్‌యెన్ అని వాళ్ల భాషలో అనేస్తారు. ఆ క్షణంలో వాళ్ల ముఖంలో వచ్చే ధైర్యం మామూలుది కాదు, ఆ తర్వాత పొడుగు మాట అంటే భయపడరు. అయితే అన్ని పేర్లూ ఈ లెక్కకు లొంగవని ముందే చెప్పండి. న్యుమోనియా చైనీస్‌లో ఫెయ్‌యెన్, ఇంగ్లీష్ పేరులో మాత్రం ‘ఐటిస్’ లేదు.

ఇక్కడే ఒక ప్రమాదం కూడా ఉంది. చైనీస్ లిపి చదివే అలవాటు ఉన్నవాళ్లు ఇంగ్లీష్ మాటను కూడా మొత్తంగా ఒక ఆకారంలా చూసి దాటేయడం నేను తరచూ గమనిస్తాను. అలా చూస్తే ‘హైపర్‌గ్లైసీమియా’, ‘హైపోగ్లైసీమియా’ ఒకేలా ఉంటాయి. ఒకటి షుగర్ పెరగడం, ఇంకొకటి పడిపోవడం. షుగర్ ఉన్న మనిషి ఈ రెండింటినీ తారుమారు చేసుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ‘హైపర్’కు గావ్, అంటే ఎక్కువ, ‘హైపో’కు ది, అంటే తక్కువ. ఈ జంటను పైకి చదివించండి, ఆ రెండు ముక్కల కింద వేర్వేరు రంగులతో గీత గీయించండి. చూసి దాటేసే కన్ను పైకి చదివేటప్పుడు తప్పకుండా ఆగుతుంది.

“ఐబుప్రొఫెన్‌ను యాంటీబయాటిక్ అనుకుంటారు”

దీనికి ఎక్కువ సమయం కేటాయించండి.

షాంఘై నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్రల డబ్బా తెచ్చి, ‘ఇది నాన్‌స్టెరాయిడల్ యాంటీ ఇన్‌ఫ్లమేటరీ డ్రగ్’ అని అక్షరం పొల్లుపోకుండా చదివారు. ఆ వెంటనే, ఇక్కడ యాంటీబయాటిక్ చీటీ లేకుండా అమ్మరంటారే, ఇదెలా అమ్ముతున్నారు అని అడిగారు.

చదవడంలో తప్పేమీ లేదు. చైనాలో జనం యాంటీబయాటిక్‌ను మామూలు మాటల్లో షియావ్‌యెన్‌యావ్ అంటారు, అంటే వాపు తగ్గించే మందు. ‘యాంటీ ఇన్‌ఫ్లమేటరీ’ని డిక్షనరీ ఆప్‌లో చూసినా ఇంచుమించు అదే వస్తుంది. పైన మనకు సాయం చేసిన యెన్ అన్న ముక్కే ఇక్కడ దారి తప్పిస్తోంది. ఫలితంగా రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. యాంటీబయాటిక్ అనుకుని నొప్పి మాత్ర వేసుకునేవాళ్లు ఒకరైతే, జలుబు చేస్తే డాక్టర్ షియావ్‌యెన్‌యావ్ ఇవ్వలేదని బాధపడేవాళ్లు ఇంకొకరు.

ఒక కాగితాన్ని మూడు భాగాలు చేయించండి: జ్వరమూ నొప్పీ తగ్గించేవి, వాపు తగ్గించేవి, బాక్టీరియాను చంపేవి. ఐబుప్రొఫెన్ మొదటి రెండింటిలోకీ వస్తుంది, మూడో దాంట్లోకి ఎప్పటికీ రాదు. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మూడో దాంట్లోకి మాత్రమే వస్తుంది. జలుబు, ఫ్లూ వైరస్‌ల వల్ల వస్తాయి కాబట్టి మూడో రకం వాటి మీద పనిచేయదు. ఈ కాగితం పక్కన పెట్టుకుని డబ్బా మీద ‘పర్పస్’ అన్న వరుస చదివించండి. ఐబుప్రొఫెన్ మీద అక్కడ ‘పెయిన్ రిలీవర్, ఫీవర్ రెడ్యూసర్’ అని ఉంటుంది. కొత్త మందు ఏది చేతికొచ్చినా ముందు ఆ వరుస చూడడం అలవాటు చేయిస్తే సగం గొడవ తగ్గుతుంది.

“డబ్బా మీద రాసింది చదువుతారు, ఎన్ని వేసుకోవాలో తప్పు చెబుతారు”

దీనికి ఒకటి కాదు, నాలుగు కారణాలు.

చైనాలో కొన్ని మందుల మీద ‘రోజుకు 3 సార్లు, ఒక్కోసారి 2 మాత్రలు’ అన్న వరుస ఉంటుంది. ఇంగ్లీష్‌లో ముందు మాత్రల సంఖ్య, తర్వాత ఎన్నిసార్లు. కంగారులో చదివితే 2, 3 తారుమారవుతాయి. గడియారం బొమ్మ గీసి, ఏ గంటకు ఎన్ని మాత్రలో దాని మీద రాయించండి. ‘ఎవ్రీ 6 అవర్స్’ అన్నా, ‘డు నాట్ టేక్ మోర్ దేన్’ అన్నా ఆ బొమ్మ మీద తేలిపోతుంది.

రెండోది చెంచా. టీస్పూన్ 5 మిల్లీలీటర్లు, టేబుల్‌స్పూన్ 15. చైనీస్‌లో మామూలుగా రెండూ చెంచాయే, మనకూ అంతే. పిల్లల సిరప్ విషయంలో మాటను నమ్ముకోకుండా, సీసాతో వచ్చిన కొలత కప్పు మీద మిల్లీలీటర్ గీతనే చూడమనండి.

మూడోది, ఒకే మందుకు రెండు పేర్లు. అమెరికాలో అసిటమినోఫెన్ అన్నా, బ్రిటన్‌లోనూ మన దగ్గరా పారాసిటమాల్ అన్నా ఒకటే. చైనా నుంచి తెచ్చుకున్న జలుబు మందుల్లో కూడా చాలావాటిలో ఇది కలిసే ఉంటుంది. ఆ జలుబు మందూ, ఇక్కడి మాత్రా రెండూ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది, కాలేయానికి ముప్పు. ‘యాక్టివ్ ఇంగ్రీడియంట్’ అన్న మాటను అన్నింటికంటే ముందు నేర్పాల్సింది ఇందుకే. రెండు డబ్బాల మీద ఆ వరుస వెతికి, పక్కపక్కన రాసుకుని పోల్చమనండి.

నాలుగోది వాక్యం కట్టే తీరు. ‘పీపుల్ హూ హ్యావ్ హ్యాడ్ ఎన్ అలర్జిక్ రియాక్షన్ టు దిస్ మెడిసిన్’ అన్నప్పుడు ఎవరు అన్నది ముందు వచ్చి, ఎలాంటివాళ్లు అన్నది తర్వాత వస్తుంది. చైనీస్‌లో తిరగేసి ఉంటుంది, సరిగ్గా తెలుగులో ‘ఈ మందు పడనివాళ్లు’ అన్నట్టు. ఈ ఒక్క విషయంలో వాళ్ల కష్టం ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న టీచర్ కంటే మనకే బాగా అర్థమవుతుంది. ‘హూ’ దగ్గర పెన్సిల్‌తో నిలువు గీత పెట్టించి, దాని తర్వాతి ముక్కను ముందుకు తెచ్చి చైనీస్‌లో చెప్పమనండి. ‘అన్‌లెస్’ వచ్చే వాక్యాలకూ ఇదే పద్ధతి.

“అంకెలు రాగానే తప్పులు”

చైనాలో రక్తంలో షుగర్‌ను మిల్లీమోల్స్‌లో చెబుతారు, అమెరికాలో మన దగ్గరలాగే మిల్లీగ్రాముల్లో. 18తో గుణిస్తే సరి: వాళ్ల 7.0 ఇక్కడి 126. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ అంటే 100.4 ఫారన్‌హీట్. బరువు వాళ్లు జిన్‌లలో చెబుతారు. జిన్ అంటే అరకిలో, అది పౌండుకు దగ్గరగా ఉండడంతో రెండూ ఒకటే అనుకుంటారు. 120 జిన్‌లు అంటే 132 పౌండ్లు. పెద్ద అంకెల్లో వాళ్ల లెక్క వాన్, అంటే పదివేలు. 12 లక్షల మంది అని మనం అనేదాన్ని వాళ్లు 120 వాన్ అంటారు, ఇంగ్లీష్ వ్యాసంలో 1.2 మిలియన్ అని ఉంటుంది. సున్నాలతో పూర్తిగా రాయించి కామాలు పెట్టించండి.

“వ్యాసం అర్థమైంది కానీ మాట్లాడమంటే మౌనం”

నోటిపూత మీద చక్కటి వ్యాసం చదువుతారు. మీకెప్పుడైనా వచ్చిందా అంటే షాంగ్‌హువో అని ఆగిపోతారు. దానికి ఇంగ్లీష్ మాట వెతికితే ‘నిప్పు పైకి రావడం’ లాంటిదేదో దొరుకుతుంది, వాళ్లకే నచ్చదు. తెలుగువాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, వేడి చేయడం అన్నమాట. వేయించినవి ఎక్కువ తిన్నారా, నిద్ర చాలలేదా అని అడగండి, మాటలు వాటంతట అవే వస్తాయి. అది ఇంగ్లీష్‌లో లేదు కాబట్టి తప్పు అని మాత్రం అనకండి. ఆ నమ్మకం వాళ్ల అమ్మమ్మల నుంచి వచ్చింది, తీసిపారేస్తే మనిషి ముడుచుకుపోతారు. దానికి బదులు ఒంట్లో కనిపించేవి ఒక్కొక్కటే చెప్పించండి: నోట్లో పుండు, గొంతు నొప్పి, మొటిమ, మలబద్ధకం. డాక్టర్‌కు కావలసినవి కూడా అవే.

తలూపడం ఇంకో చిక్కు. ‘అర్థమైందా’ అంటే పెద్దవాళ్లు మర్యాద కోసం అవుననే అంటారు. ఆ ప్రశ్నే మానేయండి. ‘ఈ మందు మీ చెల్లెలికి ఎలా వేసుకోవాలో చెప్పండి’ అనండి. అర్థం కానిది ఏమిటో అక్కడ బయటపడుతుంది.

“సరైన పాఠం దొరకడం లేదు”

మెడ్‌లైన్‌ప్లస్ చూడండి. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడిపే ఈ ఉచిత సైట్‌లో చాలా విషయాల మీద చైనీస్‌లో కూడా కరపత్రాలు ఉన్నాయి, సరళ లిపిలోనూ సంప్రదాయ లిపిలోనూ. ముందు చైనీస్ ప్రతి ఇంట్లో చదివి రమ్మనండి, క్లాసులో ఇంగ్లీష్ ప్రతి మాత్రమే తెరవండి. విషయం ముందే తెలిసి ఉంటుంది కాబట్టి దృష్టంతా భాష మీదే ఉంటుంది. చైనా ప్రధాన భూభాగం నుంచి వచ్చినవాళ్లకు సరళ లిపి, తైవాన్, హాంకాంగ్ వాళ్లకు సంప్రదాయ లిపి ఇవ్వాలి. తారుమారైతే చదువుతారు గానీ ఇబ్బంది పడతారు.

“సొంత రిపోర్ట్ తెచ్చి ఇందులో ఏముందో చెప్పమంటారు”

పిల్లలు ఆఫీసుల్లో ఉంటారు, మన మీద నమ్మకం కుదిరింది, అందుకే తెస్తారు. ఆ నమ్మకానికి తగ్గట్టు మాటల వరకే సాయం చేయండి: ఇది పరీక్ష పేరు, ఇది మామూలుగా ఉండాల్సిన పరిధి, ఇది తేదీ. ఫలితం మంచిదా చెడ్డదా అన్నది మన నోట రాకూడదు. దానికి బదులు ఒక వాక్యం నేర్పండి: ‘ఐ నీడ్ ఎ మాండరిన్ ఇంటర్‌ప్రెటర్’. మాండరిన్, కాంటనీస్ చైనీస్‌లో మాట్లాడే రెండు రకాలు. కాంటనీస్ మాట్లాడేవాళ్లు కాంటనీస్ అనే అడగాలి, లేకపోతే మాట అర్థం కాని దుభాషి వస్తారు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు రోగికి దుభాషిని ఉచితంగా ఏర్పాటు చేయాలి. 1964 పౌర హక్కుల చట్టం కిందే ఈ బాధ్యత ఉంది. చాలామందికి ఇది తెలియదు, ఖర్చవుతుందని అడగరు, పదేళ్ల మనవడిని వెంటబెట్టుకుని వెళ్తారు. ఆ వాక్యాన్ని ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించి, ఇన్సూరెన్స్ కార్డుతో పాటు పర్సులో పెట్టుకోమనండి. రిసెప్షన్‌లో నోరు పెగలకపోయినా చీటీ చూపిస్తే చాలు.