పిల్లలతో కొండ నడకకు తిరుగు అలారం
చిన్నపిల్లలతో కొండదారి పడితే, ఎక్కేటప్పుడు ఉన్న హుషారు తిరిగి వచ్చేటప్పుడు ఉండదు; సగం దారిలోనే ‘ఎత్తుకో’ అని మొదలవుతుంది, ఆపైన సంచీ ఒక భుజాన, పిల్ల ఇంకో భుజాన. అందువల్ల దూరాన్ని కాక సమయాన్ని లెక్క పెట్టుకోవడం మేలు. మొత్తం 3 గంటలు కేటాయించుకుంటే, బయలుదేరిన గంటకు మోగేలా ఫోనులో అలారం పెట్టుకుని, శిఖరం కళ్లెదుటే కనిపిస్తున్నా సరే, అది మోగిన చోటి నుంచే వెనుదిరగాలి. మిగిలిన 2 గంటలు తిరుగుదారికీ, రాళ్లు ఏరుకోవడానికీ, చీమల బారు ముందు చతికిలబడి కదలనని మొండికేయడానికీ (ఇది తప్పదు) సరిపోతాయి. తెచ్చుకున్న నీళ్లలోనూ తినుబండారాల్లోనూ సగానికి పైగా తిరుగుదారికి మిగల్చాలి. అందరికంటే చిన్నవాళ్లను ముందు నడవనిస్తే వేగం దానంతటదే కుదురుతుంది. పక్కన లోయ ఉన్నచోట మాత్రం చెయ్యి పట్టుకోవలసిందే.

దారి మొదట పల్లానికి దిగి, వచ్చేటప్పుడు ఎక్కవలసి ఉంటే ఈ లెక్క తప్పుతుంది. అలసిన కాళ్లతో ఎక్కడానికి చాలా ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి, అటువంటి చోట అలారాన్ని 40 నిమిషాలకే పెట్టుకోవాలి.