పాత వరల్డ్ టైం వాచీ, నాలుగో పాఠం: గంటలు కాదండి, నిమిషాలు చూడండి

ఇవాళ ఈ వేరే ఊళ్ళ టైములు కూడా చూపించే వాచీల వెనక మూత కింద ఉండే రబ్బరు రింగు గురించి చెబుదామనుకున్నానండి, కుదిరేలా లేదు. పోయిన పాఠంలో సెల్లు మార్చడం చెప్పిన దగ్గర్నించి వచ్చిన ఫిర్యాదులన్నీ ఒకటే రకం. "సెల్లు మార్చాం, ఇండియా టైం బాగానే ఉంది, దుబాయ్ టైం తప్పు చూపిస్తోంది, మీరు చెప్పినట్టు వాచీ లోపల ఏసీ అని రాసున్న చోట ముట్టించినందుకే పాడైపోయిందా" అని. పాడవ్వలేదు, ఖంగారు పడకండి. తప్పు సగం నాది, సగం మీది.

నాది ఏంటంటే, ఏసీ అని రాసున్న చోటుని సెల్లు ప్లస్ వైపుకి ట్వీజర్‌తో రెండు సెకన్లు కలిపితే సర్క్యూట్ రీసెట్ అవుద్దని చెప్పి వదిలేశాను. రీసెట్ అంటే అలారాలు, తేదీ, వాటితోపాటు హోమ్ సిటీ, అంటే వాచీ తను ఉన్నాననుకునే ఊరు, కూడా పోద్దండి. తెలిసిందే గదా అనుకున్నా. నా దగ్గరున్న కాసియో అయితే రీసెట్ చేయగానే టోక్యోకి పోయి కూర్చుంటది.

ఇక మీ సగం. వాచీలో టైం తప్పుగా కనబడగానే అందరూ చేసే పనే, ఫోన్ చూసి గంటలు నిమిషాలు నొక్కేసి "ఆ, సెట్ అయిపోయింది" అని చేతికి పెట్టేసుకోవడం. అక్కడే వస్తది చిక్కంతా. వాచీ తను టోక్యోలోనే ఉన్నాననుకుంటోంది, మీరేమో దానికి అమలాపురం టైం ఇచ్చారు. అది పాపం నమ్మింది, టోక్యోలో ఇప్పుడు ఇంతన్నమాట అనుకుని మిగతా ఊళ్ళన్నిటికీ దాన్నిబట్టే లెక్క కట్టింది.

మా పిన్ని సంగతి చెప్తా. అంబాజీపేటలో ఉంటది, కూతురు న్యూజెర్సీ, అక్కడ న్యూయార్క్ టైమే. బాబాయి వాడిన పాత వాచీకి నేనే సెల్లు మార్చి ఇచ్చా, టైం మాత్రం "నేను పెట్టుకుంటాలేరా" అంది. జూలైలో ఒకరోజు పొద్దున్న 11కి చూస్తే న్యూయార్క్ రాత్రి 9 అని ఉందంట, ఇంకా పడుకోరులే అని ఫోన్ చేసింది. అక్కడ రాత్రి ఒంటిగంటన్నర! పసిపిల్లోడు అప్పుడే పడుకున్నాడంట, ఇక లేచి తెల్లారేదాకా ఒకటే ఏడుపు. లెక్క చూడండి, టోక్యో గ్రీన్విచ్‌కి 9 గంటలు ముందు, న్యూయార్క్ 5 వెనక, మొత్తం 14, కాబట్టి 11లోంచి 14 తీసేసి వాచీ రాత్రి 9 అంది. నిజానికి మనం ఐదున్నర ముందు, న్యూయార్క్ ఎండాకాలంలో 4 వెనక, తేడా తొమ్మిదున్నరే. అంటే టోక్యో వల్ల మూడున్నర గంటలు, డీఎస్టీ, అంటే ఎండాకాలంలో గంట ముందుకి జరిపే టైం, ఆన్ చేయనందుకు ఇంకో గంట, మొత్తం నాలుగున్నర గంటలు తప్పు. వాచీ తప్పు వీసమెత్తు లేదు.

దీన్ని పట్టుకోడానికి నాకో అడ్డదారి ఉందండి, లెక్కలేం అక్కర్లేదు. నిమిషాలు చూడండి. మన టైం 82½ డిగ్రీల రేఖని బట్టి పెట్టారు, ఆ రేఖ మన కాకినాడ పక్కనుంచే పోద్ది, అందుకే మనకి ఆ అరగంట తగులుకుంది. మనవాళ్ళు ఉండే ఊళ్ళు చూస్తే కువైట్, దోహా, దుబాయ్, మస్కట్, లండన్, న్యూయార్క్, సింగపూర్ అన్నీ నిండు గంటలవే. కాబట్టి మీ వాచీలో 10:12 ఉంటే ఆ ఊళ్ళన్నిట్లో నిమిషాల దగ్గర 42 ఉండాలి. అక్కడా 12 ఉందా, హోమ్ సిటీ తప్పు, ఇంక ఆలోచించొద్దు. కొలంబో, టెహ్రాన్, కాబూల్, రంగూన్, అడిలైడ్‌లకి మాత్రం మనలాగే అరగంట ఉంది కాబట్టి అక్కడ నిమిషాలు కలవాలి. ఖాట్మండూ లెక్క వేరే, 1986 నుంచి మనకంటే 15 నిమిషాలు ముందు.

సరిచేయడం ఎలాగంటే, హోమ్ సిటీ ముందు, టైం తర్వాత. మళ్ళీ చెప్తున్నా, సిటీ ముందు. ఢిల్లీ కోడ్ డీ-ఈ-ఎల్, ఇండియా మొత్తానికి అదే, హైదరాబాద్ లేదేంటని వెతక్కండి. కువైట్ లేకపోతే జెడ్డా పెట్టుకోండి, మస్కట్‌కి దుబాయ్, టైం ఒకటే. సెకన్లు 30 దాటాక సున్నా చేస్తే నిమిషం ఒకటి పెరుగుద్ది, అది మామూలే.

ఇప్పుడు నన్ను నిజంగా విసిగించేది ఇంకోటుందండి, హోమ్ సిటీకి డీఎస్టీ ఆన్ అయిపోవడం. ఏ బటనో నొక్కుడు పడి ఆన్ అవుద్ది, టైం గంట ముందుకి దూకుద్ది, వెంటనే మీరు గంట వెనక్కి తిప్పేస్తారు. పైకి అంతా బాగుంటది, నిమిషాల పరీక్ష కూడా పాసవుద్ది! కానీ బయటి ఊళ్ళన్నీ గంట వెనక. దీనికి దుబాయ్‌ని తూకంరాయిగా పెట్టుకోండి. అక్కడ ఎండాకాలం టైం అనే గొడవే లేదు, ఏడాది పొడుగునా మనకి గంటన్నర వెనక. రెండున్నర చూపిస్తే హోమ్ డీఎస్టీ ఆన్‌లో ఉన్నట్టే. ముందు దాన్ని ఆఫ్ చేసి అప్పుడు టైం సరిచేయండి, ఉల్టా చేయొద్దు. లండన్‌కి మార్చి ఆఖరి ఆదివారం ఆన్, అక్టోబర్ ఆఖరి ఆదివారం ఆఫ్. అమెరికాకి 2007 నుంచి మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం. ఇలా చేత్తో మార్చుకునే పాత వాచీలే నాకు నచ్చుతాయి, వాళ్ళు రూల్ మార్చినా మన వాచీకి పోయేదేం లేదు. మాస్కో చూడండి, 2011లో గ్రీన్విచ్‌కి +4 చేసి 2014లో మళ్ళీ +3కి వచ్చారు, ఇరవయ్యేళ్ళ నాటి వాచీ డీఎస్టీ ఆఫ్‌లో ఉంటే ఇవాళా కరెక్టే.

రబ్బరు రింగు గురించి రెండు ముక్కలు చెప్పి ఆపుతా. ఒకాయన మూత బిగుతుగా ఉందని రింగుకి కొబ్బరినూనె రాశారంట, కోనసీమ వాళ్ళం అయితే మాత్రం అన్నిటికీ కొబ్బరినూనేనా అండి! జిగట కట్టి దుమ్ము పట్టుద్ది. సిలికాన్ గ్రీజు, అదీ వేలికి అంటీ అంటనంత. ముసురు పట్టిన రోజున మూత తీయకండి, ఆ తేమ లోపలుండిపోయి అద్దం కింద ఆవిరి పడద్ది. అలారం మోగట్లేదన్న వాళ్ళు మాత్రం, మూతకి తగిలే సన్నటి స్ప్రింగు ఒకటుంటది, సెల్లు మార్చేప్పుడు ఎగిరిపోయుంటది, మంచం కింద వెతకండి.

అభ్యాసం. వారం రోజులు రోజుకి మూడుసార్లు, పొద్దున్న పాలొచ్చేప్పుడు, మధ్యాహ్నం భోజనానికి ముందు, రాత్రి పడుకునేప్పుడు, వాచీ చూడకుండా దుబాయ్, లండన్, న్యూయార్క్, సింగపూర్, ఖాట్మండూ టైములు నోట్‌బుక్‌లో రాయండి, తేదీ మారితే అది కూడా. తర్వాత వాచీ చూసి దిద్దుకోండి. మొత్తం 105 లెక్కలు. ఖాట్మండూ ఏంటి, మాకెవరూ లేరక్కడ అంటారేమో, ఆ ఒక్కటీ వదిలేయకండి. మీ వాచీలో ఖాట్మండూ లేకపోతే ఫోన్‌లో చూసి దిద్దుకోండి.