షీట్ నిండా లింకులు: మ్యాపు ఫైళ్లన్నీ ఒకేసారి దింపుకోవడం

మ్యాపుల పని చేసేవాళ్లకు ఏదో ఒకరోజు ఇలాంటి షీట్ చేతికొస్తుంది. ఒక కాలమ్‌లో టైల్ (పెద్ద మ్యాపుని కోసిన చదరపు ముక్క) పేరు, పక్క కాలమ్‌లో లింకు, కింద వందల వరుసలు. నాకు మొదటిసారి వచ్చినదాంట్లో 312 ఉన్నాయి. ఒక్కోటి క్లిక్ చేసుకుంటూ నలభై దాకా వెళ్లాక ఎక్కడ ఆగానో మర్చిపోయాను. కొన్ని రెండేసిసార్లు దిగాయి, కొన్ని అసలు దిగలేదు. అప్పటినుంచి లింకులు ఐదు దాటితే చేత్తో క్లిక్ చేయడం మానేశాను.

సగం పని షీట్‌లోనే ఉంటుంది. లింకు ఉన్న గడి మీద నొక్కి పైన ఫార్ములా బార్ చూడండి. హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే పూర్తి చిరునామా ఉంటే సరే. 'డౌన్‌లోడ్' అనే మాట ఒక్కటే కనబడితే అసలు లింకు దాని వెనక దాగి ఉన్నట్టు. దాన్ని ఉన్నదున్నట్టు సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్‌గా) సేవ్ చేస్తే ఆ మాటే మిగులుతుంది, చిరునామా పోతుంది. అలాంటప్పుడు నేను షీట్‌ని వెబ్ పేజీగా సేవ్ చేసి, టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి లింకులు ఏరుకుంటాను. టైల్ నంబర్లతో మీరే లింకులు కట్టుకుంటుంటే ఇంకో జాగ్రత్త: ఎక్సెల్ 007ని 7 చేసేస్తుంది, ఆ లింకు 404 (ఫైల్ దొరకలేదనే ఎర్రర్) ఇస్తుంది. ముందు కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చి, ఆ తర్వాతే నంబర్లు పేస్ట్ చేయాలి.

ఇప్పుడు లింకుల కాలమ్ ఒక్కటే కాపీ చేసి, హెడింగ్ తీసేసి, వరుసకొకటి చొప్పున మామూలు టెక్స్ట్ ఫైల్‌గా సేవ్ చేసుకోండి.

దింపడానికి నేను వాడేది డబ్ల్యూగెట్, లింకుల నుంచి ఫైళ్లు దింపే ఉచిత ప్రోగ్రామ్. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) దాని పేరు రాసి, హైఫన్, చిన్న ఐ పెట్టి లిస్టు ఫైల్ పేరు ఇస్తే చాలు, మొదలైపోతుంది. దాంతోపాటు నాలుగు ఆప్షన్లు తప్పకుండా పెడతాను. హైఫన్ చిన్న సి పెడితే కరెంటో నెట్టో పోయి మధ్యలో తెగిన ఫైల్ ఆగినచోటినుంచే దిగుతుంది. పెద్ద పి తర్వాత ఫోల్డర్ పేరు. చిన్న ఓ తర్వాత లాగ్ ఫైల్ పేరు, ఏ లింకు ఎందుకు ఫెయిలైందో అందులో దొరుకుతుంది. చివరగా వెయిట్ ఆప్షన్‌కి 2 ఇస్తే ఫైల్‌కీ ఫైల్‌కీ మధ్య రెండు సెకన్లు ఆగుతుంది. ఉచితంగా డేటా ఇచ్చే సర్వర్ మీద ఒక్కసారిగా పడిపోకూడదు కదా. పాత విండోస్ పవర్‌షెల్‌లో డబ్ల్యూగెట్ అని కొడితే పలికేది అసలు ప్రోగ్రామ్ కాదు, మైక్రోసాఫ్ట్ వాళ్ల వేరే కమాండ్. అసలుదాన్ని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. కమాండ్లంటే టెన్షన్ పడేవాళ్లు ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో డౌన్‌లోడ్ ఫైల్ టూల్ మీద రైట్ క్లిక్ చేసి బ్యాచ్‌గా నడపొచ్చు.

ముందు మూడు లింకులతో నడిపి చూడండి. దీన్ని నేను అనుభవం మీద చెబుతున్నాను. ఒక పనిలో రాత్రంతా నడిపి పొద్దున చూస్తే ఫైళ్లన్నీ వచ్చేశాయి, పేర్లన్నీ సరిగ్గా ఉన్నాయి, ఎర్రర్ ఒక్కటీ లేదు. క్యూజీఐఎస్ మాత్రం ఒక్కటి కూడా తెరవలేదు. అప్పుడు చూశాను, ప్రతి ఫైలూ 9 కేబీ. ఒకదాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదట్లోనే హెచ్‌టీఎమ్ఎల్ ట్యాగులు, కొంచెం కిందికి వెళ్తే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగే బాక్సులు. నేను దింపుకున్నది లాగిన్ పేజీని, అదీ వందలసార్లు, టిఫ్ అనే పేరుతో.

అసలు జియోటిఫ్‌ని (భూమ్మీద ఎక్కడిదో వివరం ఉన్న టిఫ్ ఫైల్‌ని) అలా తెరిస్తే మొదటి రెండు అక్షరాలు ఇంగ్లిష్ పెద్ద ఐ రెండుసార్లు గానీ, ఎమ్ రెండుసార్లు గానీ ఉంటాయి. జిప్ అయితే పి, కె. లాగిన్ కావాల్సిన చోట, ఉదాహరణకి నాసా డేటా సైట్ ఎర్త్‌డేటాకి, హోమ్ ఫోల్డర్‌లో డాట్ నెట్ఆర్‌సీ అనే ఫైల్ పెట్టి సర్వర్ పేరు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రాసుకోవాలి. దాన్ని మీరు తప్ప ఇంకెవరూ చదవకుండా పర్మిషన్లు మార్చడం మర్చిపోవద్దు.

అందుకే దిగిన వెంటనే ఫోల్డర్‌ని సైజు ప్రకారం సర్దుతాను. ఎస్ఆర్‌టీఎమ్ (నాసా వాళ్ల నేల ఎత్తుల డేటా) 30 మీటర్ల టైల్, హెచ్‌జీటీ అనే ఫైల్ రకంలో, అడ్డం 3,601, నిలువు 3,601 పిక్సెళ్లు, పిక్సెల్‌కి రెండు బైట్లు, అంటే సరిగ్గా 25,934,402 బైట్లు. జిప్ విప్పాక ఒక్క బైటు తగ్గినా ఆ టైల్ పాడైనట్టే. సైజులు ఇలా ఒకేలా ఉండని జియోటిఫ్‌లకు జీడాల్ఇన్ఫోని (మ్యాపు ఫైళ్ల కోసం ఉన్న జీడాల్ అనే ఉచిత టూల్స్‌లో ఒకటి) చెక్‌సమ్ ఆప్షన్‌తో నడపాలి. అది ప్రతి పిక్సెల్‌నీ చదువుతుంది కాబట్టి సగంలో తెగిన ఫైల్ దొరికిపోతుంది. షేప్‌ఫైళ్లయితే (గీతలు, హద్దులు, బిందువులు దాచే మ్యాపు ఫైళ్లు) ఎస్‌హెచ్‌పీ ఒక్కటి వస్తే సరిపోదు, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్ కూడా ఉండాలి. పీఆర్‌జే లేకపోతే మ్యాపు ఎక్కడ కూర్చోవాలో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు.

చివర్లో జీడాల్‌లోదే ఇంకో టూల్, జీడాల్‌బిల్డ్‌వీఆర్‌టీతో టైళ్లన్నిటినీ ఒకే లేయర్‌గా చూస్తాను. ఇది పిక్సెళ్లను మళ్లీ కాపీ చేయదు కాబట్టి చకచకా అయిపోతుంది. దాన్ని క్యూజీఐఎస్‌లోకి లాగితే రాని టైల్ దగ్గర ఖాళీ చదరం కనబడుతుంది. అది నడిసముద్రం మీద ఉంటే వదిలేయండి, ఎస్ఆర్‌టీఎమ్‌లో అక్కడ టైలే ఉండదు. నేల మీద ఉంటే ఆ చదరం కింది ఎడమ మూల అక్షాంశ రేఖాంశాలు చూడండి. టైల్ పేరు అదే. ఆ పేరు పట్టుకుని షీట్‌లో వెతికితే తప్పిపోయిన లింకు దొరుకుతుంది.