పీల్ వేయించుకునే ముందు ఇంట్లో ట్యూబులన్నీ బయటపెట్టండి

వేసవి ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి, నేను పనిచేసే స్కిన్ క్లినిక్‌కి ఫోన్లు మొదలయ్యాయి. "మేడమ్, వచ్చే నెల్లో పెళ్లి, గుంటలు పోవాలి, ట్యాన్ పోవాలి, గట్టి పీల్ ఏదైనా వేసేయండి." పీల్ అంటే ముఖానికి యాసిడ్ రాసి చర్మం పై పొర ఊడేలా చేయడం. ఈ మధ్యే ఒకమ్మాయి వచ్చి ముఖానికి కట్టుకున్న చున్నీ తియ్యడానికే ఒప్పుకోలేదు. తీశాక చూస్తే ముక్కు పక్క మడతల్లో, పెదవి మూలల్లో, ఒక చెంప మీద రూపాయి బిళ్లంత మేర చర్మం కాలి ముదురు గోధుమరంగులో పెచ్చు కట్టి ఉంది. ఏదో పార్లర్‌లో గ్లైకాలిక్ పీల్ వేశారట. వేసింది మామూలు శాతమేనట. కాకపోతే ఈ అమ్మాయి చాలాకాలంగా రాత్రిపూట ఒక "తెల్లబడే క్రీమ్" రాస్తోంది. ట్యూబు తెప్పించి చూస్తే మొమెటాసోన్ (ఇది స్టిరాయిడ్), ట్రెటినాయిన్ (పై పొర ఊడేలా చేసేది), హైడ్రోక్వినోన్ (రంగు తగ్గించేది). అక్కడ ఎవరూ అడగలేదు, ఈమె చెప్పలేదు.

నేను డాక్టర్‌ని కాదు. డాక్టర్ గదిలోకి వెళ్లేముందు వివరాలు రాసుకునేదాన్ని, కాబట్టి జనం ఏం చెబుతారో, ఏం దాస్తారో నాకు బాగా తెలుసు. నీళ్లు తాగండి, ఎండలో తిరగకండి లాంటివి మీకు ఎవరైనా చెబుతారు, అవి వదిలేస్తున్నా. నేను మళ్లీ మళ్లీ చెప్పేది ఒకటే: ముఖానికి ఇప్పటికే ఏం రాస్తున్నారో, ఏ మాత్రలు మింగుతున్నారో చెప్పకుండా పీల్‌కి కూర్చోవద్దు. నేను చూసిన కాలిన ముఖాల్లో ఎక్కువ దెబ్బతిన్నది యాసిడ్ బలం వల్ల కాదు, కింద చర్మం అప్పటికే పలచబడి ఉండటం వల్ల.

ముందు మీకున్నది మచ్చా, గుంటా?

కిటికీ పక్కన నిలబడి అద్దంలో చూసుకోండి. వెలుగు పక్కనుంచి పడినప్పుడు నీడ కనిపిస్తే గుంట. చర్మం సమంగానే ఉండి రంగొక్కటే తేడాగా ఉంటే మచ్చ. ఈ తేడా తెలియకే సగం డబ్బు వృథా అవుతుంది. మచ్చకి, ట్యాన్‌కి పైపై పీల్స్ పనికొస్తాయి. గుంటకి అదే పీల్ ఎన్ని సిట్టింగులు వేయించుకున్నా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ఏది ఎంత లోతుకి వెళ్తుంది

సాలిసిలిక్ యాసిడ్ 20-30 శాతం: నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రాల్లోకి దిగుతుంది, మొటిమలు ఇంకా వస్తున్నవాళ్లకి ఇదే మంచిది. వేసిన కొద్ది నిమిషాల్లో ముఖం మీద తెల్లటి పొడి పేరుకుంటుంది, ఆ తర్వాత దాదాపు తనంతట తానే ఆగిపోతుంది. గ్లైకాలిక్ అలా ఆగదు. టైమ్ చూసి సోడా బైకార్బొనేట్ ద్రావణంతోనో, నీళ్లతోనో ఆపాలి. వేసినామె ఫోన్ మాట్లాడుతూ రెండు నిమిషాలు మర్చిపోతే ఆ రెండు నిమిషాలూ మీ ముఖం మీదే గడుస్తాయి. మాండెలిక్ అణువు పెద్దది, మెల్లగా దిగుతుంది, మన చామనఛాయ చర్మాలకి మొదటిసారి ఇదే నయం అని నా అభిప్రాయం, ఫలితం ఆలస్యమైనా సరే.

మైక్రోడెర్మాబ్రేషన్, అదే "డైమండ్ పాలిషింగ్" అని అమ్మేది, చర్మం పై పొరని గీకుతుంది. మెరుపు వస్తుంది, నాలుగు రోజులు ఉంటుంది. గుంటలకి ఇది మందు అని ఎవరైనా చెబితే లేచి వచ్చేయండి.

టీసీఏ (ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్) వేరే లెక్క. చర్మంలో ప్రొటీన్ గడ్డకట్టి తెల్లబడుతుంది, దాన్నే ఫ్రాస్టింగ్ అంటారు. ఒకసారి దిగాక దాన్ని వెనక్కి ఆపడానికి ఏమీ లేదు. సన్నగా లోతుగా ఉన్న ఐస్‌పిక్ గుంటల్లో డాక్టర్లు 65 నుంచి 100 శాతం టీసీఏని గుంట అడుగుకి మాత్రమే అంటిస్తారు. అదే శాతం ముఖమంతా రాస్తే మచ్చలు కాదు, చర్మమే పోతుంది. వెడల్పుగా పల్లంగా ఉన్న గుంటలకి సబ్‌సిషన్ చేస్తారు, అంటే లోపల చర్మాన్ని కిందికి లాగి పట్టుకున్న పోగుల్ని సూదితో తెంపడం. మిగతావాటికి మైక్రోనీడ్లింగ్ (సన్నటి సూదులతో చర్మాన్ని గుచ్చడం), ఆర్ఎఫ్ (రేడియో తరంగాలతో లోపల వేడి పుట్టించడం), ఫ్రాక్షనల్ లేజర్ (చుక్కలు చుక్కలుగా వేసే లేజర్). వీటన్నిటికీ కొత్త కొల్లాజెన్, అంటే చర్మాన్ని నిలబెట్టే ప్రొటీన్, పెరగాలి, దానికి నెలలు పడుతుంది, ముహూర్తం ఆగదు.

పాతకాలం డెర్మాబ్రేషన్, అంటే తిరిగే బ్రష్‌తో చర్మాన్ని అరగదీయడం, మన రంగు చర్మానికి రిస్కు ఎక్కువ. ఫినాల్ పీల్ మాటే ఎత్తొద్దు, అది చాలా లోతుకి వెళ్లే పీల్, గుండె లయని దెబ్బతీయగలదు. 2024 జూన్‌లో బ్రెజిల్‌లో ఫినాల్ పీల్ తర్వాత ఒక యువకుడు చనిపోతే అక్కడి ప్రభుత్వ సంస్థ అన్విసా వాడకాన్నే ఆపేసింది. అదే ఏడాది జులైలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఇంట్లో వేసుకునే గాఢమైన పీల్స్ కొనొద్దని హెచ్చరించింది. మన దగ్గరా ఆన్‌లైన్‌లో సీసాలు దొరుకుతున్నాయి, "ఒరిజినల్" అని రాసి.

ఆ ట్యూబు సంగతి

మెడికల్ షాపులో "మచ్చలకి ఏదైనా ఇవ్వండన్నా" అంటే చేతికి వచ్చే క్రీముల్లో చాలావాటిలో స్టిరాయిడ్ ఉంటుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టిరాయిడ్ పూతమందుల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మొద్దంది, అయినా అమ్మకం ఆగిందా అంటే మీకే తెలుసు. ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి: బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్. వీటిలో ఏది ఉన్నా స్టిరాయిడే. మొదట్లో తెల్లబడ్డట్టు ఉంటుంది, తర్వాత ఎండలోకి వెళ్తే ముఖం ఎర్రగా మండుతుంది, చెంపల మీద సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, రాయడం మానేస్తే మొటిమలు విరగబడి వస్తాయి. అలాంటి చర్మం మీద ఏ పీలైనా లోతుకి దిగిపోతుంది. అలాగని రేపటి నుంచి ఒక్కసారిగా మానేయకండి, ముఖం మంట పుడుతుంది, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. పీల్ సంగతి ఆ తర్వాత.

మొటిమలకి రాసే ట్రెటినాయిన్, అడాపలీన్ క్రీముల గురించి కూడా చెప్పాలి. కొందరు డాక్టర్లు పీల్‌కి ముందు కావాలనే రాయించి, కొద్ది రోజుల ముందు ఆపిస్తారు. ఎప్పుడు ఆపాలో వాళ్లు చెప్పాలంటే, మీరు రాస్తున్నారని వాళ్లకి తెలియాలి కదా! మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నా, ఈ మధ్య వరకు వాడినా అదీ చెప్పండి. దాంతో పైపై పీల్స్ ఫర్వాలేదంటున్నారు గానీ డెర్మాబ్రేషన్, లోతు లేజర్ లాంటివాటికి ఇంకా జాగ్రత్తే.

సిగ్గు దేనికో నాకు అర్థం కాదు. "ఫెయిర్‌నెస్ క్రీమ్ వాడతానంటే ఏమనుకుంటారో" అని దాచేవాళ్లు, అమ్మ పక్కనే ఉందని దాచేవాళ్లు. పేరు గుర్తులేకపోతే ట్యూబు ఫోటో తీసుకెళ్లండి. ఖాళీదైనా సరే, సంచిలో వేసుకెళ్లండి.

ఇక మిగతావి, వరసగా చెబుతున్నా:

పెళ్లికి నెల లోపు కొత్త పీల్ వద్దు. కాలిన నలుపు వెంటనే రాదు, రెండు మూడు వారాలకి తేలుతుంది, అంటే సరిగ్గా పెళ్లి ఫోటోల్లో.

మొదటిసారైతే చెవి వెనక కొంచెం రాసి చూడమనండి.

పీల్‌కి ముందు వారం త్రెడింగ్, వ్యాక్సింగ్, బ్లీచ్, లేజర్ హెయిర్ రిమూవల్ వద్దు.

కళ్ల మూలలు, ముక్కు పక్కలు, పెదవి మూలల్లో వేజ్‌లైన్ పెట్టాకే మొదలుపెట్టనివ్వండి. యాసిడ్ జారి నిలిచేది అక్కడే. పెట్టకపోతే అడగండి, మొహమాటం వద్దు.

పెదవి దగ్గర జ్వరపు పొక్కులు ఎప్పుడైనా వచ్చాయా? చెప్పండి, ముందే మాత్ర ఇస్తారు. గాయం మానాక మచ్చ ఉబ్బి గట్టిపడే అలవాటు ఉంటే అదీ చెప్పండి. గర్భవతైతే అదీ.

మైక్రోనీడ్లింగ్‌కి సూదుల ప్యాకెట్ సీల్ మీ ముందే విప్పాలి. విప్పలేదంటే చేయించుకోకండి. అమెరికాలో న్యూ మెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో చేసిన "వాంపైర్ ఫేషియల్" (మన రక్తమే తీసి, సూదులతో ముఖంలోకి ఎక్కించడం) వల్ల హెచ్ఐవీ సోకిన కేసుల మీద అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ 2024లో రిపోర్టే ఇచ్చింది.

ట్యాన్ అనుకుంటున్న నలుపు ఒక్క చోటే పెరుగుతున్నా, రక్తం వస్తున్నా, పీల్ వద్దు. ముందు డాక్టర్‌కి చూపించండి.

పొట్టు ఊడుతుంటే గోకొద్దు. లాగొద్దు. "కాస్తే కదా" అనొద్దు.

పెళ్లికూతుర్ని చేసేటప్పుడు నలుగు పెడతారు, సున్నిపిండితో బరబరా రుద్దుతారు. పీల్ వేయించుకున్న వారంలో ఆ చేయి ముఖం మీద పడనివ్వకండి. అత్తలు, పిన్నులు వినరు, కాబట్టి ముందు రోజే ఒకరికి బాధ్యత అప్పగించండి: కాళ్లకీ చేతులకీ పెట్టండి, ముఖం వదిలేయండి అని. నిమ్మరసం, టమాటా, కాఫీపొడి స్క్రబ్బూ అంతే.

స్కూటీ మీద వెళ్లేవాళ్లు చున్నీ కట్టుకున్నాం కదా అని సన్‌స్క్రీన్ మానొద్దు. బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. మంగు ఉంటే ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ తీసుకోండి, మామూలు వెలుగుకి కూడా మంగు ముదురుతుంది.

పీల్ తర్వాత ఆ పాత ట్యూబు మళ్లీ తీయొద్దు. పొట్టు ఊడిన కొత్త చర్మం మీద స్టిరాయిడ్ క్రీమ్ రాసి మళ్లీ మొదటికొచ్చినవాళ్లని చూశాను. ఇంట్లో ఉంటే చేయి ఊరుకోదు, పారేయండి.

బొబ్బ లేచినా, మంట గంటలు గడిచినా తగ్గకపోయినా, బూడిదరంగు మచ్చ కనిపించినా చల్లటి నీళ్లతో కడిగి, ఫోటో తీసుకుని, అదే రోజు చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పీల్ వేసినచోట "రెండు రోజుల్లో తగ్గిపోతుందమ్మా" అన్నా సరే వెళ్లండి. పసుపు వద్దు, నెయ్యి వద్దు, టూత్‌పేస్ట్ అసలే వద్దు. వాళ్లు ఏ యాసిడ్ వేశారో, ఎంత శాతమో, ఎంతసేపు ఉంచారో కాగితం మీద రాయించుకుని మరీ కదలండి, ఆ డాక్టర్ మొదట అడిగేది అదే.