సి భాష స్వయంబోధిని – 7వ పాఠం: బోర్లాండ్ పోయినా పోని అలవాట్లు

గత పాఠంలోని ప్రోగ్రామును జీసీసీ అనే కంపైలర్‌తో (ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే పనిముట్టుతో) కంపైల్ చేసినవారికి, తెరను తుడిచే క్లియర్ స్క్రీన్ ఫంక్షన్ దగ్గర ఎర్రర్ వచ్చి ఉంటుంది. ఆ ఫంక్షన్ సి భాషది కాదు, బోర్లాండ్ అనే కంపెనీ తన కంపైలర్‌తో ఇచ్చినది. భాష సొత్తేదో, పనిముట్టు సొత్తేదో విడదీయడమే నేటి పాఠం. అందుకు ఆ కంపెనీ కథ కొంత తెలియాలి.

కాలిఫోర్నియాలోని స్కాట్స్ వ్యాలీ కేంద్రంగా ఫిలిప్ కాన్ నడిపిన బోర్లాండ్, 1983లో పాస్కల్ భాష కంపైలరైన టర్బో పాస్కల్‌ను 49.95 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అప్పట్లో కంపైలర్లు వందల డాలర్లు పలికేవి. పైగా ఎడిటర్‌లో రాసి, బయటకు వచ్చి, కంపైలర్ నడిపి, తప్పు దొరికితే మళ్లీ ఎడిటర్ తెరవవలసి వచ్చేది. డెన్మార్క్‌కు చెందిన ఆండర్స్ హైల్స్‌బెర్గ్ రాసిన ఈ కంపైలర్ ఎడిటర్‌తో సహా 40 కిలోబైట్లలోపే ఇమిడి, మెమరీలోనే పని ముగించి, తప్పున్న చోటనే కర్సర్‌ను నిలిపేది. 1987 నాటి టర్బో సి, ఆ తరువాతి టర్బో సి++ ఇదే ఒరవడిలో వచ్చాయి. మన ఇంజనీరింగ్ కళాశాలల ల్యాబుల్లో నీలి తెర మీద కంట్రోల్ ఎఫ్9 నొక్కి, ఆల్ట్ ఎఫ్5తో ఫలితం చూసుకున్నవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

పారడాక్స్ అనే డేటాబేస్ తన చేతిలో ఉండగానే, డీబేస్ అనే మరో డేటాబేస్ కోసం బోర్లాండ్ 1991లో దాని సొంతదారైన ఆష్టన్-టేట్‌ను 40 కోట్ల డాలర్లకు పైగా విలువకు కొనడం, నా దృష్టిలో, పతనానికి తొలి మెట్టు. 1995లో వచ్చిన ప్రోగ్రామింగ్ పనిముట్టు డెల్ఫీ గట్టి సరుకే అయినా, మరుసటి ఏడాది హైల్స్‌బెర్గ్ మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి, అక్కడ సి షార్ప్ భాషకు రూపమిచ్చారు. 1998లో కంపెనీ ఇన్‌ప్రైజ్ అని పేరు మార్చుకుని (పేరున్న కొట్టుకు బోర్డు మార్చడమంటే ఇదే), 2001లో పాత పేరుకే తిరిగి వచ్చింది. 2008లో డెల్ఫీ విభాగం ఎంబార్కడేరో కంపెనీకి, 2009లో మిగిలినదంతా మైక్రో ఫోకస్‌కు చేరాయి.

ఇక సాధన. మీ పాత ప్రోగ్రాములో కొనియో.హెచ్, గ్రాఫిక్స్.హెచ్ అనే బోర్లాండ్ హెడర్ ఫైళ్ల (ఫంక్షన్ల ప్రకటనలుండే ఫైళ్ల) పేర్లున్న వరుసలను తీసివేసి, వాటిపై ఆధారపడిన ఫంక్షన్లను గుర్తించండి. అవి సి ప్రామాణికంలో లేవు. వాయిడ్ మెయిన్‌ను ఇంట్ మెయిన్‌గా మార్చండి. తరువాత, ఇంట్ రకపు చరరాశిలో 32767 ఉంచి 1 కలపండి. ఇంట్‌కు 16 బిట్లే కేటాయించే టర్బో సి -32768 చూపుతుంది. 32 బిట్లు కేటాయించే నేటి జీసీసీ 32768 చూపుతుంది. రెండు జవాబులనూ నోటుపుస్తకంలో రాసి ఉంచుకోండి, 8వ పాఠం అక్కడి నుండే మొదలవుతుంది.